మచ్చు చూడని పెట్టెలు

ముప్పై రెండేళ్ళ వ్యాపారంలో దుర్గారావు మచ్చు చూడకుండా ఒక్క బస్తా దింపుకున్నవాడు కాడు. చింతపండు రానీ, పసుపు రానీ, నూనె తీసే వలిసెలు రానీ, బస్తాలోకి చెయ్యి పెట్టి అడుగునున్న సరుకు పైకి లాగి, వాసన చూసి, నాలిక్కి రాసుకుని గాని కాటా ఎక్కించనిచ్చేవాడు కాదు. పైన కనబడేది అమ్మేవాడి ముఖం, అడుగున ఉన్నది వాడి మనసు అనేవాడు. రాయగడ స్టేషన్ రోడ్డులో అతనికి పేరొచ్చింది అందువల్లే. సరుకు దాచుకోవలసి వచ్చినవాళ్ళూ, ఊరెళ్తూ ఇత్తడి బిందె ఎక్కడ పెట్టాలో తోచనివాళ్ళూ అతని దగ్గరికే వచ్చేవాళ్ళు. ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగొస్తుందని నమ్మకం.

ఆషాఢంలో ఒక పొద్దున్న అతని కొట్టు ముందు మునిసిపాలిటీ చెత్తబండి ఆగింది. బండి తోలేది రాజులమ్మ. ఆ వీధి ఊడ్చేదీ ఆమే. రోజూ ఆగుతుంది, రోజూ ముక్కు చిట్లిస్తుంది, ఎందుకంటే ఆ కొట్టులోంచి చెత్త అంటూ ఏమీ రాదు. చింతగింజలు ఒకడికి, చింతనార ఇటుకబట్టీకి, చిరిగిన గోనెలు ఉల్లిపాయల వాళ్ళకి. దుర్గారావు నిఘంటువులో చెత్త అనే మాటే లేదు. కానీ ఆరోజు ఆమె నవ్వుతోంది.

"అన్నా, ఇల్లు అయిపోనాది."

"ఏ ఇల్లు?"

"ఏ ఇల్లంటావేటి? నా ఇల్లు! స్లాబు పడ్డాది, తలుపులు ఏసీసేరు. ఎనకాల సిన్న జాగా ఉంది. జాగా దాటితే కొండ వరకూ వలిసె సేలే."

"మంచిది, మంచిది."

"దసరా ఎల్లినాక మా ఆయన తేనెపెట్టెలు అట్టుకెల్లిపోతాను. వలిసె పువ్వు ఇప్పేలోగా ఆటిని అక్కడ దింపీయాల. బాగున్నాయి కదా?"

"బాగున్నాయి," అన్నాడు దుర్గారావు.

ఆ మాట ఎలా వచ్చిందంటే, జయపురం షావుకారు ఫోనులో సరుకెలా ఉందని అడిగితే నోరు దానంతటది చెప్పే మాటలా వచ్చింది. చూసి చెప్పింది కాదు. చెత్తబండి గంట కొట్టుకుంటూ మలుపు తిరిగాక గాని అతనికి అది తట్టలేదు. తట్టాక మాత్రం అన్నంలో రాయి తగిలినట్టు అక్కడే ఉండిపోయింది.

రాజులమ్మ మొగుడు గంగయ్య మునిసిపాలిటీ నీళ్ళ ట్యాంకు దగ్గర పంపు నడిపేవాడు. ట్యాంకు చుట్టూ ఉన్న జాగాలో పది పెట్టెలు పెట్టి తేనెటీగల్ని పెంచేవాడు. ఏటా దుర్గారావుకి తేనె అమ్మేవాడు, అది కల్తీ లేని తేనె. మూడేళ్ళ కిందట వానల్లో జ్వరం తగిలి మూడు రోజుల్లో పోయాడు. పంపు దగ్గరి క్వార్టరు అతని స్థానంలో వచ్చిన మనిషికి ఖాళీ చెయ్యవలసి వచ్చింది. రాజులమ్మ సందులో ఒంటిగది అద్దెకు తీసుకుంది. ఆ గదిలో ఆమెకే చోటు లేదు, తేనెటీగలకెక్కడ? నాగావళి ఒడ్డున దుర్గారావుకి మామిడితోట ఉంది. "నాకు ఇల్లు కుదిరే వరకూ ఉంచు అన్నా," అంది. ఉంచుతానన్నాడు. చీకటి పడే వేళ తనే వ్యాను తీసుకెళ్ళాడు. పెట్టెల మూతులకి గుడ్డలు కుక్కి కూలీలు ఎక్కిస్తుంటే, ముఖానికి తువ్వాలు చుట్టుకుని దూరంగా నిలబడి లెక్కపెట్టాడు. "పది పెట్టెలు ముట్టాయి," అన్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ తలూపింది.

దుర్గారావు లెక్క ఒకటుంది. వ్యాపారంలో లాభమొస్తే తనది, నష్టమొచ్చినా తనదే. ఒకరు నమ్మి ఇంట పెట్టి వెళ్ళింది మాత్రం ఏ రోజూ తనది కాదు. అందులో తరుగు రాకూడదు.

మధ్యాహ్నం కొట్టు మూసి తోటకి వెళ్ళాడు.

తోట మూలన, గడ్డి నడుం దాకా పెరిగిన చోట పెట్టెలున్నాయి. రెండింటి స్టాండ్లు చివికి పెట్టెలు పక్కకి ఒరిగిపోయాయి. ఒకదాని మూత తీశాడు. బూజు. సాలెగూడు లాంటి తెల్లటి బూజు పొరలు పొరలుగా చట్రాలన్నింటినీ చుట్టేసి ఉంది. దాని మధ్య బొద్దుగా తెల్లటి పురుగులు. తేనెపట్టు ఉండవలసిన చోట మిరియాల పొడిలాంటి నల్లటి రెట్ట. రెండో దాంట్లో బొద్దింకలు. మూడో దాంట్లో గండుచీమలు గుడ్లతో సహా కాపురం పెట్టాయి. నాలుగో దాని మూత ఎత్తగానే బల్లి ఒకటి చేతి మీదుగా దూకింది. అతను కెవ్వుమని అరిచి, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాడు.

పదింటిలో రెండు బతికున్నాయి. వాటిలోనూ ఈగలు పల్చగా, చట్రానికి ఒక పక్కన ముడుచుకుని, సంత అయిపోయాక మిగిలిన మనుషుల్లా ఉన్నాయి.

ఇంటికొచ్చి పెళ్ళాంతో చెప్పాడు. బంగారమ్మ చేటలో బియ్యం ఏరుతోంది.

"మూడేల్లలో ఒక్కసారైనా ఆటి మొకం సూసేవా?"

"మావిడికాయలు దింపినప్పుడల్లా అటేపు ఎల్లేవాణ్ణి."

"ఎల్లడం, సూడ్డం ఒకటేనేటి? బస్తాలోకి మోసెయ్యి వరకూ దూరుస్తావు, పెట్టె మూతెత్తడానికి భయమేసిందా?"

"కుడతాయి కదే."

"అయితే ఎల్లి సెప్పీ. సచ్చిపోనాయి అని సెప్పీ."

"దసరాకి మూన్నెల్లుంది. ఈ మూన్నెల్లలో పదీ నింపీసి ఇస్తే సెప్పవలసిన పనే లేదు," అన్నాడు దుర్గారావు.

బంగారమ్మ ఒక రాయి ఏరి అవతల పారేసింది.

తేనెటీగల సంగతి తెలిసినవాడు అతనికి ఒక్కడే ఉన్నాడు. మునిగుడ వైపు కొండమీది ఊరి మనిషి లక్ష్మణుడు. ఎండాకాలంలో కొండతేనె డబ్బాలు రైల్లో వేసుకొచ్చి దుర్గారావుకి అమ్ముతాడు. నలభై ఏళ్ళుంటాయి, మాట తక్కువ. అతని తెలుగులో సగం కొండవాళ్ళ దేశియా కలిసి ఉంటుంది, కాదు అనడానికి నాయి అంటాడు. కబురు పంపితే మూడో రోజు దిగాడు. పెట్టెలన్నీ ఒక్కొక్కటీ తెరిచి, చివరిదాని మూత పెట్టి, చేతులు గడ్డికి తుడుచుకున్నాడు.

"సావుకారీ, ఇది ఇల్లు నాయి. పురుగుల సంత."

"బాగుపడతాయా?"

"పెట్టె బాగుపడతాది. ఈగలు ఎతకాల."

పని మొదలైంది. ముందు గడ్డి కోశారు. ఎనిమిది ఖాళీ పెట్టెల్నీ గట్టుమీద బోర్లించి, లోపలంతా ఇనపబిళ్ళతో గీకారు. మూలల్లో, చట్రాల సందుల్లో పురుగు గూళ్ళు కట్టుకుని చెక్కలోకి గాళ్ళు తొలిచింది. ఎండుగడ్డి అంటించి ఆ మంట మీద పెట్టెల్ని తిప్పుతూ, చెక్క మాడకుండా సెగ మాత్రం తగిలేలా కాచారు. గాళ్ళలోంచి పురుగులు చిటచిటమన్నాయి. కొత్త స్టాండ్లు చేయించి, ఒక్కో కాలి కింద పాత డబ్బా పెట్టి నీళ్ళు పోశారు, చీమ దాటకుండా. దుర్గారావు గోడౌన్‌లో చల్లే చీమలమందు తెచ్చాడు. లక్ష్మణుడు ఆ పొట్లం తీసి దూరంగా గిరాటేశాడు.

"సీమ సస్తాది, ఈగ సస్తాది. నీళ్ళు సాలు. నీళ్ళలో ఆకు పడకుండా సూడు. ఆకు పడితే సీమకి అదే వంతెన."

బతికున్న రెండు పెట్టెల్లోనూ పాడైన పట్టు కోసేసి, ఈగలున్న మేరకి మంచిది ఉంచి, రాత్రిపూట పంచదార పానకం పెట్టారు. మూతి సగానికి తగ్గించారు. ఈగలు తక్కువైనప్పుడు వాకిలి పెద్దదైతే కాపలా సరిపోదట. ఆ మాట దుర్గారావుకి నచ్చింది. తనూ కొట్టుకి రెండో తలుపు అందుకే మూసేశాడు.

గీకగా వచ్చిన నల్లటి పట్టు కుప్పయింది. లక్ష్మణుడు దాని మీద కిరసనాయిలు పొయ్యబోతే దుర్గారావు చెయ్యి పట్టుకున్నాడు.

"ఏటి సేస్తున్నావు?"

"కాల్సీయాల. ఈరోజే."

"మైనం కాలుస్తారేటి? సరుకది! జయపురంలో కిలోల లెక్కన కొంటారు."

"సరుకు నాయి సావుకారీ. రోగం."

"పురుగులేరి, వానలు తగ్గినాక ఒకేసారి కాసి వడకడతాను. ఒకటికి రెండుసార్లు కట్టెలెందుకు దండగ?"

లక్ష్మణుడు అతని ముఖంలోకి చూసి, డబ్బా మూత బిగించాడు. "నీ సరుకు," అన్నాడు. ఆ రెండు మాటలకీ ఎంత బరువుందో దుర్గారావు అప్పుడు తూచలేదు. నల్లపట్టు రెండు గోనెల్లోకి కూరి, ఎలకలకి అందకుండా తోటలోని మోటారుగది దూలానికి వేలాడదీశాడు. ఆ పెట్టెల మీద ఒక చేత్తో పోయింది ఇంకో చేత్తో కొంతైనా వస్తుందని మనసు కుదుటపడింది.

తరవాత ఈగల వేట. లక్ష్మణుడు నీళ్ళ దగ్గర కూచుని, తాగడానికొచ్చిన ఈగ ఎటు ఎగురుతుందో చూసి, ఆ దారినే నడిచేవాడు. పాడుపడ్డ రైసుమిల్లు గోడ నెర్రెలో ఒక పట్టు దొరికింది. మద్దిచెట్టు తొర్రలో ఒకటి. ఎవరూ వాడని రైల్వే కాపలాగదిలో తలుపు వెనక ఒకటి. చెదపుట్టల్లో రెండు. సాయంత్రం పూట కొద్దిగా పొగ వేసి, పట్టు అట్లకాడంత ముక్కలుగా కోసి, పిల్లలున్న పట్టుని చట్రానికి అరటినారతో కట్టేవాడు. రాణిని వేళ్ళతో సుతారంగా పట్టి వెదురు గొట్టంలో పెట్టేవాడు. రాణి ఎటు పోతే మిగతావి అటే. తువ్వాలు, టోపీ, రబ్బరు చేతొడుగులు, వానకోటు అన్నీ తొడుక్కుని దుర్గారావు లాంతరు పట్టుకునేవాడు. మొదటిసారి కుట్టించుకున్నప్పుడు పెదవి వాచి రెండు రోజులు కొట్టులో బేరం చెయ్యలేకపోయాడు. అడిగిన ధరకే సరుకిచ్చేశాడని వీధంతా నవ్వుకున్నారు.

శ్రావణంలో పెద్ద కందిరీగలు వచ్చాయి. పెట్టె వాకిట్లో గాలిలో నిలబడి, వచ్చిన ఈగని వచ్చినట్టు పట్టుకుపోవడం. వాటికోసం దుర్గారావు దోమల బ్యాటు కొన్నాడు. మధ్యాహ్నాలు పెట్టెల పక్కన స్టూలు వేసుకుని కూచుని, కందిరీగ రాగానే లేచి కొట్టేవాడు. టప్పుమని మెరుపు. లక్ష్మణుడు మొదటిసారి నవ్వాడు.

"రాజుగారు ఏటకొచ్చేడు."

"నవ్వు. ఇయ్యాల పదకొండు."

వినాయక చవితికి ఏడు పెట్టెల్లో ఈగలున్నాయి. లక్ష్మణుడు చోళ్ళ పని ఉందని కొండెక్కాడు. అక్కడ ఫోను పలకదు. రాజులమ్మ బండి ఆపి "బాగున్నాయా?" అని అడిగినప్పుడల్లా దుర్గారావు "బాగున్నాయి" అనేవాడు. చవితి నాటికి ఆ మాట నోట్లో అంత చేదుగా లేదు. మూడు తక్కువ, నెల పైన గడువుంది. లెక్క కుదిరేలాగే ఉంది.

చవితి వెళ్ళిన పదో రోజున, ఎండ ఎక్కే వేళ, ఆరో పెట్టె వాకిట్లోంచి ఈగలు ధారకట్టి బయటికొచ్చాయి. దుర్గారావు చూస్తుండగానే మామిడిచెట్టుకి పైన నల్లటి మేఘమైంది. కంచం కొట్టాడు, తడి ఇసక చల్లాడు, కొండవాళ్ళు చేస్తారని విన్నవన్నీ చేశాడు. మేఘం ఒక్కసారి కిందికి వంగినట్టే వంగి, నాగావళి దాటి వెళ్ళిపోయింది. పెట్టె తెరిస్తే పట్టు అడుగున తెల్లటి బూజు.

మళ్ళీ పురుగు!

నీళ్ళ డబ్బాలు చూశాడు, ఆకుల్లేవు. మూతులు చూశాడు, బిగువుగానే ఉన్నాయి. అడుగుబల్లలు తుడిచాడు. రెండు రోజులకి ఇంకోటి వెళ్ళిపోయింది. ఆ వారంలోనే మరో రెండు. కొత్తగా తెచ్చినవే అన్నీ, ఇంకా కాలూనుకోనివి. అతను గేటు దగ్గర దీపం పెట్టి, పురుగు ఎటు నుంచి వస్తోందా అని ఊరివైపు చూసుకుంటూ కూచున్నాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఎంతమంది నౌకర్ల విషయంలో అన్నాడో లెక్కలేదు. తన విషయంలో ఆ మాటే గుర్తురాలేదు.

మూడు మిగిలాయి.

దసరా మొదలైంది. మజ్జిగౌరమ్మ గుడికి జనం పోటెత్తుతున్నారు. ఆ ఆదివారం దుర్గారావు తోటలో ఉండగా గేటు చప్పుడైంది. రాజులమ్మ. ఉతికిన చీర, చేతిలో కొబ్బరిచిప్ప, పసుపు.

"గుడికెల్లొస్తున్నాను. పెట్టెలకి బొట్టెట్టి ఎల్దామని వొచ్చేను."

దుర్గారావు లేచి నిలబడ్డాడు. బేరంలో ఇలాంటి క్షణాలు అతనికి తెలుసు. అవతలివాడు గోనె విప్పుతానంటే రెండే దార్లు. మాట మార్చడం, లేదా తనే ముందు విప్పడం. మాట మార్చడం అతనికి బాగా వచ్చు. నోరు తెరిచాడు కూడా. కానీ ఆమె అప్పటికే కొబ్బరిచిప్ప కింద పెట్టి, కొంగుతో మొదటి పెట్టె మూత మీది దుమ్ము తుడుస్తోంది, నిద్రపోతున్న మనిషి నుదురు తుడిచినట్టు.

"రాజులమ్మా, బాగులేవు," అన్నాడు.

ఆమె చెయ్యి ఆగింది.

"మొదటినుంచీ బాగులేవు. నువ్వు అడిగిన రోజుకి నేను ఆటి మూతెత్తి సూడనే లేదు. ఎనిమిది సచ్చిపోయి ఉన్నాయి. లక్ష్మణుడి సేత పట్టించి ఏడు సేసేను. నాలుగు లేచిపోనాయి. మూడున్నాయి. పురుగు ఎక్కడినుంచి వొస్తున్నాదో తెలీదు."

రాజులమ్మ పెట్టెల వరస వెంట ఆ చివరినుంచి ఈ చివరికి నడిచింది. ఒక్కో మూతా ఎత్తింది, దించింది. కుట్టే జీవాలు ఆమె చేతుల మీద పాకుతుంటే విదిలించుకోలేదు. వరస చివర ఆగి, ముక్కు చిట్లించింది. ఇరవై ఏళ్ళు ఊరి చెత్తని మోసిన ముక్కు అది.

"ఇక్కడేదో కుల్లుతున్నాది."

"ఆకులు."

"ఆకుల కంపు నాకు తెల్దేటి? ఇది తియ్యగా ఉంది." ఆమె గాలి పీలుస్తూ మోటారుగది దగ్గరికి నడిచింది. "ఇందులో ఏటున్నాది?"

"మోటారు. ఇంకేటి? పాత మైనం."

ఆమె తలుపు తోసింది. లోపలినుంచి బూడిదరంగు రెక్కల పురుగులు పది, ఇరవై, గోడకి తగులుతూ బయటికొచ్చాయి. దూలానికి వేలాడుతున్న రెండు గోనెలూ తెల్లగా మారిపోయాయి. గోనె నేత సందుల్లోంచి బూజు పొంగి, గోనెకీ గోనెకీ మధ్య తెరలా అల్లుకుంది. దగ్గరికెళ్ళి చూస్తే గోనెలు మెల్లగా కదులుతున్నాయి.

దుర్గారావు గుమ్మంలోంచి వెనక్కి తిరిగి చూశాడు. మోటారుగది నుంచి పెట్టెల వరసకి నలభై అడుగులు. ఊరివైపు కాపలా కాసినన్నాళ్ళూ అతని వీపు ఈ తలుపుకే ఉంది.

"నువ్వే పెంచేవన్నమాట," అంది రాజులమ్మ.

"లక్ష్మణుడు కాల్సీమన్నాడు. సరుకు కదా అని..."

"సరుకు!" ఆమెకి కోపం, నవ్వు రెండూ కలిసొచ్చాయి. "రోజూ నీ కొట్టు ముందు బండాపుతాను. ఏటైనా ఏస్తావేమోనని సూస్తాను. ఇరవై ఏల్లలో ఒక్క గుప్పెడు సెత్త ఎయ్యలేదు నువ్వు! అన్నా, సెత్త పుట్టిన రోజునే ఊరు దాటీయాల. ఒక్క రాత్రి ఇంట్లో పడుకుందా, పిల్లల్ని పెడతాది. ఇది మాకు పన్లో సేరిన మొదటిరోజు సెప్తారు. అగ్గిపెట్టె ఇలాగియ్యి."

ఇద్దరూ కర్రతో గోనెలు దింపి, ఏటి ఒడ్డుకి ఈడ్చుకెళ్ళారు. దుర్గారావే నిప్పు పెట్టాడు. మైనం బుస్సుమని పసుపు మంటై లేచింది. మంచి మంట. కిలో ఎంతో అతనికి తెలుసు. ఆ అంకె బుర్రలోకి వచ్చినా నోటివరకూ రానివ్వలేదు. మోటారుగది గోడలు చీపురుతో కొట్టి, ఊడ్చి, ఆ ఊడ్చిందీ మంటలో పోశారు. చీపురు పట్టుకోవడం రాక అతను దుమ్మంతా తన మీదే పోసుకుంటుంటే రాజులమ్మ లాక్కుంది.

"గాలికి ఎదురు ఊడుస్తారేటి? నీకు బేరమాడ్డం తప్ప ఏటీ రాదు."

మంట తగ్గాక గట్టుమీద కూచున్నారు. దుర్గారావు వేళ్ళు మడిచి లెక్క మొదలుపెట్టాడు.

"పది ఇచ్చేవు. మూడున్నాయి. ఏడు తరుగు. వచ్చే ఏడాదికి..."

"ఎవులు సెప్పేరు పది అని?"

"నేనే లెక్కెట్టేను కదా. పది పెట్టెలు."

"పెట్టెలు పది. ఈగలు నాలుగింటిలోనే ఉన్నాయి. మా ఆయన ఎప్పుడూ కాలీ పెట్టెలు ఉంచీవాడు. ఇవి ఎల్లిపోయే జాతి, కోపమొస్తే లేచి ఎల్లిపోతాయి, మల్లీ వొస్తాయి, వొచ్చినప్పుడు ఇల్లుండాల అనీవాడు." ఆమె అతని వైపు తిరిగింది. "నువ్వు ఇప్పి సూసి పుచ్చుకుంటావనుకున్నాను. ఊరందరి గోనెల్లో సెయ్యెట్టీవాడివి కదా."

దుర్గారావు ముఖానికి తువ్వాలు చుట్టుకుని దూరంగా నిలబడి "పది ముట్టాయి" అన్న సాయంత్రం అతని కళ్ళముందు నిలిచింది. ముప్పై రెండేళ్ళలో మచ్చు చూడకుండా పుచ్చుకున్న సరుకు అదొక్కటే. చచ్చినవాడి సరుకు కదా అని గౌరవమనుకున్నాడు. గౌరవం కొంతే, మిగతాది భయం. ఆ భయం వల్లే మూడేళ్ళు మూతెత్తలేదు. ఎత్తాక, లేని తరుగుకీ ఉన్న తరుగుకీ కలిపి మూడు నెలలు పరిగెత్తాడు.

"అప్పుడే సెప్పొచ్చు కదా నాలుగని?"

"అప్పుడే అడగొచ్చు కదా?"

ఏటి మీదినుంచి గాలొచ్చి బూడిద కొంచెం ఎగిరింది.

"అయితే నాలుగిచ్చేవు, మూడున్నాయి," అన్నాడు చివరికి. "ఒకటి తరుగు."

"ఒకటి తరుగు," అంది ఆమె. వదిలెయ్యలేదు. వదిలేస్తుందేమోనని అతనూ ఎదురుచూడలేదు, ఎదురుచూస్తే ఇద్దరికీ చిన్నతనం.

దసరా వెళ్ళిన మూడో రోజు చీకటి పడ్డాక మూడు పెట్టెలూ ఆటోలో ఎక్కాయి. ఎక్కించేముందు ఒక్కోదాని మూత ఎత్తి, టార్చి వేసి, "సూడు" అన్నాడు దుర్గారావు. రాజులమ్మ చూసింది. మిగతా ఏడూ జాగా చదును చేసేవరకూ అతని దగ్గరే ఉండనిమ్మంది.

"ఉండు," అన్నాడు. ఒక్కో పెట్టె దగ్గరికీ వెళ్ళి, మూత తీసి, లోపల చెయ్యి పెట్టి తడిమి, "కాలీ... ఇదీ కాలీ..." అంటూ ఏడూ చెప్పాడు. ఆటోవాడు ఈ సావుకారికి ఏమైందా అని చూశాడు. "ఏడు కాలీ పెట్టెలు ముట్టాయి," అన్నాక గాని ఆటోని కదలనివ్వలేదు.

కార్తీకంలో వలిసెలు పూశాయి. కొండ కింద నుంచి రోడ్డు దాకా నేలంతా పసుపు. లక్ష్మణుడు కొండ దిగొచ్చాడు. మోటారుగదిలోకి తొంగి చూశాడు, శుభ్రంగా ఉన్న దూలాన్ని చూశాడు. పాత రైసుమిల్లు గోడలో మళ్ళీ ఈగలు చేరాయని మాత్రం చెప్పాడు. ఈసారి లాంతరు లక్ష్మణుడు పట్టుకున్నాడు. వానకోటు లేకుండా, చేతొడుగులు లేకుండా దుర్గారావు పట్టు కోశాడు, అరటినారతో చట్రానికి కట్టాడు. రాణి రెండుసార్లు వేళ్ళ సందుల్లోంచి జారిపోతే లక్ష్మణుడు అతని మణికట్టు కింద తన చెయ్యి ఆనించాడు. నాలుగు చోట్ల కుట్టాయి. మిగిలిన నల్లపట్టు ముక్కలు అక్కడే, గోడ పక్కనే, కాల్చేసి గాని కదల్లేదు.

ఇరవై రోజులు తోటలో ఉంచి, రోజు విడిచి రోజు అడుగుబల్ల తుడిచి, అవి కాలూనుకున్నాయని తేలాక ఒక సాయంత్రం రాజులమ్మ ఇంటికి తీసుకెళ్ళాడు. కొత్త ఇల్లు, సున్నం వాసన ఇంకా పోలేదు. పెరట్లో మూడు పెట్టెలు నీళ్ళ డబ్బాల మీద నిలబడి ఉన్నాయి, నాలుగోదానికి స్టాండు వేసి ఉంది. డబ్బాల్లో ఒక్క ఆకు లేదు. చివరి ఎండలో ఈగలు వలిసె చేలోంచి పసుపు కాళ్ళతో తిరిగొస్తున్నాయి.

దుర్గారావు పెట్టె స్టాండు మీద పెట్టాడు. "నాలుగోది," అన్నాడు.

రాజులమ్మ ముట్టలేదు. లోపలికెళ్ళి కళ్ళద్దాలు తెచ్చుకుంది. మూత తీసింది. ఒక చట్రం పైకెత్తి వెలుతురుకి పట్టింది. పట్టు గదుల అడుగున బియ్యపు నూకల్లాంటి గుడ్లు, గదికొకటి. రెండోది ఎత్తింది. మూడోది ఎత్తింది. అడుగుబల్ల మీద వేలు రాసి, ఆ వేలు వాసన చూసింది. దుర్గారావు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తన కొట్టు ముందు రైతులు ఇన్నేళ్ళూ ఎలా నిలబడేవారో అలాగ.

చట్రాలన్నీ వరసగా దించి, మూత పెట్టి, కొంగుతో దాని మీది దుమ్ము తుడిచింది.

"ముట్టింది," అంది రాజులమ్మ.